తుపాకి పట్టింది మా బావ కాదు

ఆ రోజుల్లో ఆదోనిలో చదువు ముగిసి పని దొరకని కుర్రాడికి రెండే దారులు కనిపించేవి. ఒకటి, పత్తి మార్కెట్ యార్డులో ఎవరో ఒక వ్యాపారి దగ్గర చేరి, బోరాల మధ్య తిరుగుతూ దూది తుమ్ములు తుమ్మడం. రెండోది, సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టి, అది మూతపడేదాకా యజమానిలా మెలగడం. మా నాన్న జిన్నింగు మిల్లులో గుమాస్తా కాబట్టి మొదటి దారి ఆయనే చూపించాడు. రెండోది నేను వెతుక్కున్నాను. ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నీళ్ల ట్యాంకులు, మిల్లుల ఆవరణలు, మిద్దెల మీది సోలారు పలకలు కడగాలంటే జనం నన్నే పిలుస్తారు. జాగ్రత్త గల మనిషి అంటారు. ఆ పేరు నాకెలా వచ్చిందో, అదే రోజు మా బావకు ఇంకో పేరు ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను. నోటితో చెప్పి చూశాను గానీ ఎవరూ నమ్మలేదు.

మా అమ్మ మిక్సీ బాగుచేయించడానికని ఒక రోజు మోటార్ల దుకాణానికి పోయాను. అక్కడ టీవీలో ఏదో వీడియో నడుస్తోంది. ఏ దేశంవాడో తెలియదు, మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, చేతిలో తుపాకి లాంటిది పట్టుకుని, పాచి పట్టి నల్లబడ్డ గచ్చు మీద నీళ్లు కొడుతున్నాడు. నీళ్లు తగిలిన చోటల్లా సున్నం పూసినట్టు తెల్లటి గీత పడుతోంది. ఆ గీత గచ్చు మీద కన్నా నా బుర్రలో ఎక్కువ లోతుగా పడింది. మిక్సీ సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. దుకాణదారుడు నా ముఖం చూసి విషయం గ్రహించినట్టున్నాడు. "నీళ్లు మనవి, కరెంటు మనది, మురికి వాళ్లది. ఇంగేం గావాలన్నా?" అన్నాడు. నేను డిగ్రీలో చదివిన అర్థశాస్త్రం మొత్తంలో ఇంత సులువైన సూత్రం లేదు. ఇంట్లో ఒప్పించడానికి కొన్నాళ్లు అన్నం మానేశాను. (మధ్యాహ్నం అన్నమే. రాత్రి అమ్మ ఊరుకునేది కాదు.) చివరికి యంత్రం కొనిచ్చారు. దుకాణదారుడు దాని వాడకం కూడా నేర్పాడు. తుపాకికి రెండు మూతులు ఉంటాయి, వెడల్పు మూతి కడగడానికి, సన్నమూతి తుప్పు గీకడానికి, సన్నమూతి జోలికి ఇప్పుడే పోవద్దు అన్నాడు. మీట నొక్కితే నీళ్లు వస్తాయి, వదిలితే ఆ క్షణమే ఆగిపోతాయి అని నా చేతనే నొక్కించి, వదిలించి చూపించాడు.

ఆదోనిలో నా వ్యాపారం ఎక్కువ రోజులు నడవలేదు. సన్నమూతితోనే తెల్లగీత అందంగా పడుతుంది కాబట్టి వెడల్పు మూతిని సంచీలోంచి బయటికే తీయలేదు. మొదటి బేరం ఒక ఆటో. దాని వెనక అద్దం కింద ఆటో ఆయన తన ఇద్దరు కూతుళ్ల పేర్లు ఎర్రరంగుతో రాయించుకున్నాడు. మురికి బాగా వదిలింది. మురికితోపాటు ఒక కూతురు కూడా వదిలింది. సాయంత్రం ఆయన ఆటో తోలుకుని తిరిగి వచ్చి, కోపం కూడా లేకుండా దిగులుగా అడిగాడు. "పెద్దపాప పేరు ఉండాది. సిన్నపాప పేరు యాడ పోయిందన్నా? ఇంటికి పోతే అది నన్ను లోపలికి రానీదు." పెయింటరును వెతికి ఆ పాప పేరు మళ్లీ రాయించాను, ఈసారి అక్క పేరు కన్నా పెద్ద అక్షరాలతో. (దానికి పెద్దపాప ఏడ్చిందని తర్వాత తెలిసింది.) దానికి తోడు మా వైపు నీళ్ల కటకట మీకు తెలిసిందే. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు నా వైపు చూసి, మనకు తాగేకి నీళ్లు ల్యావు, ఈయప్ప ఆటోలకు తలంటి పోస్తాండాడు అని నాకు వినపడేలాగే అనుకునేవారు. నేను తల వంచుకుని పైపు చుట్టుకునేవాణ్ణి.

అప్పుడు మా బావ నన్ను ఎమ్మిగనూరుకు రమ్మన్నాడు. మా అక్క మొగుడు. నేత పని. మాటలు తక్కువ మనిషి, అక్క పది మాటలు అంటే ఆయన ఒక్క దగ్గు దగ్గేవాడు. వాళ్ల వీధిలో బోరు ఉంది, నీళ్లకు ఇబ్బంది లేదు, జాతర దగ్గర పడుతోంది కాబట్టి ఇళ్ల ముంగిళ్లు కడిగించుకునేవాళ్లు ఉంటారు అని కబురు చేశాడు. యంత్రాన్ని బస్సు మీద వేసుకుని పోయాను. అక్క నన్ను చూసి మురిసిపోయి, వీధంతా తిరిగి మా తమ్ముడు మిషను తెచ్చినాడని చెప్పుకుంది.

ఆ వీధి గురించి ఒక సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అప్పట్లో అక్కడ మగ్గం మీదికి ఎక్కే ముందు పడుగును వీధిలోనే పరిచేవారు. పడుగంటే బట్టకు నిలువు పోగులు. తెల్లవారుజామున, ఎండా గాలీ లేవకముందే, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి కర్రల మీద నూలు బిగించి లాగి, గంజి పెట్టి, పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టేవారు. గంజి ఆరే లోపల పని ముగియాలి. లేకపోతే పోగు పోగుకు అంటుకుని ఆ నూలు ఇక దేనికీ పనికిరాదు. ఒక ఇంటివాళ్ల చేతుల మీద అయ్యే పని కాదది. అందుకని ఈ రోజు నీ పడుగు, రేపు నా పడుగు అని వంతులు పెట్టుకుని అందరూ వచ్చి చేతులు వేసేవారు. ఎవరూ ఎవరినీ బతిమాలనక్కరలేదు. తెల్లారకముందే వీధిలో కర్రలు నాటిన చప్పుడు వినపడితే చాలు, లేచి వచ్చేవారు. ఆ వీధిలో బతకడమంటే ఆ వంతులో ఉండడమే.

అక్కడ నా మొదటి బేరం మా బావ పెద్దమ్మ ఇల్లు. వీధిలో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. ఒంటరి మనిషి, తన మగ్గం తానే నేసుకునేది. రాతి గోడల మట్టి మిద్దె. వీధి వైపు గోడ వానచారలతో, పాత పోస్టర్ల జిగురుతో నల్లగా ఉంది. ఏటా జాతరకు దానికి సున్నం కొట్టించేది. ఈ ఏడు మా బామ్మర్ది కడుగుతాడు, రాయి రాయి తళతళలాడుతుంది చూడు అని మా బావ ఆమెను ఒప్పించాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అక్క కూడా అదే మొదటిసారి విన్నదట.

నేను పుట్టి పెరిగింది మిల్లు క్వార్టర్సులో. నాకు తెలిసిన గోడ అంటే సిమెంటు గోడే. రాళ్ల సందుల్లో తెల్లగా కనపడుతున్నది సిమెంటనే అనుకున్నాను. అది పైపైన పూసిన సున్నం. దాని వెనక గోడ మందాన ఉన్నదంతా మట్టి అడుసు. ఎన్నో ఏళ్ల కింద ఎవరో కాళ్లతో తొక్కి పెట్టిన మట్టి. ఆ వైపు ఊళ్లలో పిల్లవాడికైనా తెలిసిన సంగతి, డిగ్రీ చదివిన నాకు తెలియలేదు. బావను పైపు మెలిపడకుండా చూడమని వెనక నిలబెట్టి, సన్నమూతి బిగించి మొదలుపెట్టాను. రాళ్లు నిజంగానే మెరిశాయి. జాతర సరుకులకు వచ్చిన పొరుగూరివాళ్లు ఆగి చూసి పోతున్నారు. సందుల్లోంచి ఎర్రనీళ్లు కారుతుంటే, అబ్బో ఎంత మురికి ఉందో చూడండని వాళ్లకు వివరించాను కూడా. సందు ఎంత లోతుగా శుభ్రమైతే అంత గొప్ప అనుకుని, ఒక సందులోకి మూతి దూర్చినంత పని చేశాను. సరిగ్గా ఆ చోట లోపలి వైపు దీపం పెట్టుకునే గూడు ఉంది. అక్కడ గోడ మందం ఒక్క రాయే. ఆ గూటికి ఎదురుగా మగ్గం ఉంది. మగ్గం మీద, నాలుగు రోజుల కింద వీధి వీధంతా చేతులు వేసి చేసిన పడుగు ఉంది.

లోపల ఏదో దొర్లిన చప్పుడైంది. నీళ్లు గోడ మీద చిందడం మానేసి, ఎటో పోవడం మొదలుపెట్టాయి. పెద్దమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ముఖం నిండా ఎర్రమట్టి, కళ్లు తెరవలేకుండా ఉంది. అరవలేదు. "లోపల వాన పడతాండాది. మీకి ఈడ ఎండ కాస్తాందా?" అంది.

అప్పుడు నేను చేసిన పని ఇది. తుపాకిని బావ చేతిలో పెట్టి, పట్టుకో బావా మోటారు ఆపొస్తా అని వీధి మలుపులో ఉన్న యంత్రం దగ్గరికి పరుగెత్తాను. మీట వదిలితే చాలు, నీళ్లు ఆగిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. అది తెలియనిది బావకే. జన్మలో తుపాకి ముట్టని ఆ మనిషి, చేతిలో పాము పిల్లను పెట్టినట్టు బిగుసుకుపోయి, మీటను ఇంకా గట్టిగా నొక్కిపట్టుకున్నాడు. నీళ్లు ఆకాశానికి లేచి, ఎదురింటి వడియాల మీద పడి, అక్కడి నుంచి వీధి పెద్ద కండెల తాత పంచె మీదికి దిగి, ఆయన అప్పుడే వెలిగించుకున్న బీడీని ఆర్పాయి. గొడవ విని బయటికి వచ్చిన వీధి మొత్తం చూసింది ఆ దృశ్యాన్నే. తుపాకి పట్టుకుని నలుదిక్కులా పేలుస్తున్న మా బావను.

నేను మోటారు ఆపడానికి ఎంత సేపు పట్టాలో అంతకన్నా చాలా ఎక్కువ సేపే తీసుకున్నాను. తిరిగి వచ్చేసరికి మగ్గం చుట్టూ జనం ఉన్నారు. గంజి పట్టిన నూలు మీద మట్టినీళ్లు పడితే అది మళ్లీ నూలు కాదు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత నిండా బురద. కండెల తాత తడిసిన పంచె పిండుకుంటూ, ఎవరప్పా ఈ పని చేసిందని అడిగాడు. బావ నా వైపు ఒక్కసారి చూశాడు. "నేనే మామా. సెయ్యి జారింది" అన్నాడు.

అంతటితో నేను ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. నా నోటితో నేను అన్న మాట ఇది. "సన్నమూతి వద్దని సెప్తానే ఉంటి తాతా. బావ ఇన్లేదు."

ఆ మాటే నా వ్యాపారానికి బోర్డు అయింది. ఆ పిల్లోడు వద్దని చెప్పినాడంట, ఆయన వినలేదంట, పిల్లోడు జాగ్రత్తపరుడని ఊళ్లో పాకింది. జాతర ముందే నాలుగు బేరాలు వచ్చాయి. నేను రాత్రికి రాత్రి వెడల్పు మూతికి మారిపోయి, పని ముందు గోడను గోటితో గీకి చూసి తల పంకించడం నేర్చుకున్నాను. మా బావ పేరు మాత్రం ఆ రోజుతో పోయింది. తుపాకన్న అయ్యాడు. పెళ్లిళ్లలో చదివింపులప్పుడు మైకులో కూడా తుపాకన్న, స్టీలు బిందె అని చదివేవారు. ఆయన ముందుకు వెళ్లి నిలబడి, అది తనే అన్నట్టు ఒక దగ్గు దగ్గేవాడు. పెద్దమ్మకు నూలు ఇచ్చి, గోడకు మట్టి పెట్టి, గుంత తోడి బాగుచేసింది ఆయనే. నేను ఆ నాలుగు బేరాలూ ముగించుకుని, యంత్రానికి ఏదో రిపేరు ఉందని ఆదోనికి వచ్చేశాను. యంత్రానికి ఏ రిపేరూ లేదు.

కొన్ని వారాల తర్వాత అక్క ఫోను చేసింది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే దబాయింపు లేదు. పెద్దమ్మ పడుగు మళ్లీ చేసినప్పుడు వీధంతా వచ్చిందనీ, వీళ్లను మాత్రం చెయ్యి వేయనీయలేదనీ, వీళ్ల పడుగుకు ఎవరూ వచ్చేలా లేరనీ చెప్పింది. "రేపు పరుస్తాండాం. ఒక సెయ్యి తక్కువైతాది నాయనా, గంజి ఆరిపోతాది. మొదటి బస్సుకు రా" అంది. నాకు కోసిగిలో పని ఉందక్కా అన్నాను. అబద్ధం కాదు, కోసిగిలో ఒక ట్రాక్టరు కడగాలి. అయితే ట్రాక్టరు సాయంత్రం కడిగినా, మర్నాడు కడిగినా అరగదు, ఆరదు. అక్క సరేలే అని పెట్టేసింది.

ఆ తెల్లవారి వాళ్లిద్దరే పరిచారు. అక్క ఆ చివర, బావ ఈ చివర. సగం దువ్వేసరికి ఎండ వచ్చింది. మిగతా సగం సేమ్యాల్లా అంటుకుపోయింది. అంటిన పోగుల్ని విడదీస్తూ, తెగినవి అతుకుతూ ఆయన నేసిన ఆ బట్టను, కొనే షావుకారు చూడగానే పక్కకు పెట్టేశాడట. ఇంకో పడుగుకు ప్రయత్నించి, ఆ తర్వాత మగ్గం విప్పేసి, మరమగ్గాల షెడ్డులో కూలికి చేరాడు. వీధి పగ మరీ ఎక్కువ కాలం నిలవలేదు. మరుసటి జాతరకు అందరూ మాట్లాడారు, నవ్వారు, తుపాకన్నా టీ తాగుదాం రా అని పిలిచారు. కానీ అప్పటికి ఆయనకు పరచడానికి పడుగు లేదు.

మొన్నామధ్య పెద్దమ్మ ఇల్లు పడగొట్టారు. ఆమె పోయి కొన్నేళ్లయింది, వారసులు స్లాబు వేసుకుంటున్నారు. ఏదో పని మీద నేను అక్కడే ఉన్నాను. కూలీలు రాళ్లు తీస్తుంటే వీధి మగవాళ్లంతా చుట్టూ చేరి, తుపాకన్న మొదలుపెట్టిన పని ఇన్నాళ్లకు ముగిస్తాండారు అని నవ్వుకుంటున్నారు. బావ కూడా వాళ్లలో నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. గుమ్మం ముందు మంచం మీద కూర్చున్న కండెల తాత దగ్గరికి పోయి, అందరూ వినేలా చెప్పేశాను. తుపాకి పట్టింది బావ కాదు, నేను. సన్నమూతి పెట్టింది నేను. వద్దని చెప్పానన్నది అబద్ధం. చెప్పి తల వంచుకుని, పడాల్సిన తిట్ల కోసం నిలబడ్డాను. తాత నా భుజం తట్టాడు. "బావ మీద పేమ ఉండాల్సిందే గానీ, ఇంత అబద్ధమా అప్పా? నా కండ్లతో సూస్తి గదా" అన్నాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఒకాయన నన్ను మెచ్చుకుని టీ కూడా ఇప్పించాడు. నేను ఎంత వాదిస్తే అంత మంచి బామ్మర్దినైపోయాను.

బావ నన్ను పక్కకు తీసుకుపోయాడు. ఇన్నేళ్లలో ఆయన నాతో మాట్లాడిన అతి పొడుగు మాటలు అవే. "ఏంటికప్పా ఇప్పుడు? ఆ పొద్దు సెప్పింటే నీ పని పోతాండె. ఈ పొద్దు సెప్తే నా పేరు పోతాది. మనవడు తుపాకి తాతా అంటే నాకి బాగుంటాది." నేను ఏదో అనబోయాను. ఆయన చేయి అడ్డం పెట్టి, పడుతున్న గోడ వైపు చూస్తూ అన్నాడు. "గోడది నేనేం మనసులో పెట్టుకోల్యా. పడుగుకు రమ్మంటే రాల్యా సూడు. అది యాదుండాది." అని, ఇంకేమీ లేనట్టు, మా మిద్దె మీద ట్యాంకు పాచి పట్టింది, వీలు చూసుకుని రా అన్నాడు. రేపే వస్తానన్నాను, మాట పూర్తి కాకముందే.

ఇన్నేళ్లూ నేను దిద్దాలనుకున్నది వేరే తప్పు అని అప్పుడు తెలిసింది. ఒప్పుకోవడానికి తేలికైన దాన్ని ఒప్పుకున్నాను. అందులో తుపాకి ఉంది, తడిసిన పంచె ఉంది, జనం నవ్వడానికి కావలసినవన్నీ ఉన్నాయి. రెండోదాంట్లో నవ్వడానికి ఏమీ లేదు. ఒక ఫోను, ఒక ట్రాక్టరు.

మర్నాడు చీకటి ఉండగానే యంత్రాన్ని నా ట్రాలీ ఆటోలో వేసుకుని ఆదోనిలో బయలుదేరాను. ట్యాంకు కడగడానికి అంత పొద్దున పోవాల్సిన పని లేదు. చేరేసరికి తూర్పు ఇంకా తెల్లబడలేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఖాళీగా ఉంది. ఇప్పుడక్కడ పడుగులు పరచరు, సిద్ధం చేసినవి ఎక్కడి నుంచో చుట్టలుగా వస్తాయి. వీధికి రెండు వైపులా మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. కళ్లాపి చల్లడానికి అక్క తలుపు తీసి నన్ను చూసి, బకెట్ పట్టుకునే ఆగిపోయింది. "ట్యాంకు కడిగేకి ఈ యాళకా? మీ బావ ఇంగా లేయల్యా" అంది. పడుకోనీలే అక్కా అన్నాను. ఆమె బకెట్ గడప పక్కన దించి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను అరుగు మీద కూర్చున్నాను. కోసిగిలో పని ఉందన్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వాణ్ణి ఇప్పుడైనా గట్టిగా తిట్టాలనుకున్నాను గానీ, చిన్న నవ్వు వచ్చింది. పాపం, వాడికి ట్రాక్టరు మీద అంత ప్రేమేమీ లేదు. వీధి మొత్తం చూస్తుండగా బావ పక్కన నిలబడాలంటే భయం, అంతే. ఇప్పుడు భయం లేదు, చూసేవాళ్లూ లేరు, చెయ్యి వేయడానికి పడుగూ లేదు. టీ వచ్చేదాకా రెండు చేతుల్నీ ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.